వేపపువ్వుతో ఉగాది: పూత దులపడం నుంచి బొబ్బట్టు కాల్చే దాకా

ఉగాది పచ్చడి కుదరాలంటే చేయి తిరిగి ఉంటే చాలదు, ముందు సరుకు కుదరాలి. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, జీడి ముదరని మామిడికాయ: ఈ నాలుగూ ఒకేసారి చేతికొచ్చేది ఫాల్గుణం చివర, చైత్రం మొదట. హోలీ వెళ్లాక ఉగాదికి రెండు వారాలుంటుంది. ఆ రెండు వారాల్లో సరుకు చూసుకుని పెట్టుకుంటే పండగ పొద్దున వంటింట్లో పరుగులుండవు.

పండగ తేదీ ఏటా జరుగుతుంది, చెట్టు మాత్రం ఎండని బట్టి పూస్తుంది. ఉగాది 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఆ ఏడు అధిక జ్యేష్ఠం ఉండటంతో 2027లో మళ్లీ ఏప్రిల్ 7కు వెళ్తుంది. మార్చి మధ్యలో పండగ పడిన ఏడు చాలాచోట్ల వేప ఇంకా మొగ్గ మీదే ఉంటుంది. ఏప్రిల్లో పడిన ఏడు పువ్వు బోలెడు. అందుకే పువ్వు బాగా దొరికిన ఏడు కాస్త ఎండబెట్టి సీసాలో ఉంచుకోవడం మంచి అలవాటు.

పువ్వు సేకరించడం

ముందు చెట్టును సరిగ్గా గుర్తుపట్టాలి. వేపపువ్వు తెల్లగా, మహా అయితే లేత మీగడ రంగులో ఉంటుంది. ఐదు సన్నని రెక్కలు, మధ్యలో లేత పసుపు గొట్టం, తేనె లాంటి వాసన. వేపను పోలినదే తురకవేప. ఆకు దూరం నుంచి చూస్తే పోల్చుకోలేరు గానీ పువ్వు ఊదారంగులో ఉంటుంది, మధ్య గొట్టం ముదురు ఊదా. అది విషపు చెట్టు, దాని పువ్వు, కాయ నోట్లో పెట్టకూడదు. ఊదా ఛాయ కనిపిస్తే ఆ చెట్టు వదిలేయండి. పట్టణాల్లో రోడ్డు వెంట నీడ కోసం దాన్నీ నాటుతుంటారు కాబట్టి ఈ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

మంచి వేపచెట్టయినా వాహనాల పొగ పడే రోడ్డు పక్కది, మందు కొట్టిన పొలం గట్టు మీదది వద్దు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడినట్టు ఎండిపోవడం చాలామంది చూసే ఉంటారు. అది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. అలా చివర్లు మాడిన చెట్టు నుంచి పువ్వు తీయొద్దు. దాన్ని కాపాడటానికి మందు కొట్టి ఉండవచ్చు కూడా.

కొమ్మలు విరిచి పువ్వు దూయడం కన్నా దులపడం మేలు. సాయంత్రం చెట్టు కింద ఊడ్చి, ఉతికిన పాత పంచె గానీ దుప్పటి గానీ పరిచి అంచులకు రాళ్లు పెట్టండి. రాత్రంతా రాలిన పువ్వు పొద్దున్నే అందులో ఉంటుంది. చాలకపోతే అందే కొమ్మను మెల్లగా రెండుసార్లు కుదపండి. పూర్తిగా విచ్చుకున్న పువ్వే రాలుతుంది, మొగ్గ చెట్టు మీదే ఉండిపోతుంది. ఎండెక్కకముందే తీసేయాలి. ఆలస్యమైతే తేనెటీగలు మూగుతాయి, పువ్వూ వడలిపోతుంది.

తెచ్చిన పువ్వును చాటలో పలచగా పరిచి నీడలో పావుగంట వదిలేస్తే చీమలు, చిన్న పురుగులు వాటంతటవే వెళ్లిపోతాయి. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య, నొక్కకుండా, తేలిగ్గా రుద్దండి. రెక్కలు విడిపోతాయి, ఈనెలూ కాడముక్కలూ మిగులుతాయి. చాట చెరిగితే రెక్కలు ముందుకొస్తాయి, బరువైన కాడలు వెనక నిలుస్తాయి. ఈ చెరగడం దగ్గరే చాలామంది తొందరపడతారు. పచ్చటి కాడముక్కలు పచ్చడిలో పడితే చేదు గొంతులో పట్టుకుని వదలదు. రెక్కల చేదు అలా కాదు, నాలుక మీద తగిలి వెళ్లిపోతుంది, వెనక కొంచెం సువాసన కూడా మిగులుతుంది. పిల్లలు పచ్చడి తినమని మొరాయించేది ఎక్కువగా ఆ కాడల వల్లే.

పువ్వును నీళ్లలో నానబెట్టొద్దు. దుమ్ము ఉందనిపిస్తే జల్లెడలో వేసి ఒక్కసారి నీళ్లు పోసి, పొడిగుడ్డ మీద ఆరనివ్వండి.

ఎండబెట్టుకోవడానికైతే మొదటి రోజు నీడలో, తర్వాత రెండు మూడు రోజులు ఎండలో, పైన పలచటి గుడ్డ కప్పి. మొదటి రోజే మండుటెండలో పెడితే పైన ఎండినట్టు కనిపించి లోపల తడి మిగిలిపోతుంది, సీసాలో ముక్క వాసన పట్టేది అందుకే. గోధుమరంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. చల్లారాకే గాజు సీసాలో పోసి మూత పెట్టండి. వానాకాలం ముందు ఒకసారి తీసి మళ్లీ ఎండ చూపించాలి.

గుమ్మానికి ఆకు, దేవుడికి మల్లె

తోరణానికి ముదురు పచ్చ మామిడాకులే తీసుకోండి. రాగిరంగు చిగుళ్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ రెండు గంటల్లో వేలాడిపోతాయి. ఆకులు ఒక్కొక్కటే కోయండి, కొమ్మ విరవొద్దు. ఆ నెలలో కొమ్మ చివర పూత గానీ పిందె గానీ ఉంటుంది, విరిచిన ప్రతి రెమ్మా కొన్ని కాయల నష్టం. ముందు రోజు సాయంత్రమే కోసి కాడలు నీళ్లలో ఉంచితే పొద్దుటికి బిరుసుగా ఉంటాయి. రెండు మూడు ఆకులకు ఒక వేప రెమ్మ, పువ్వుతో సహా కలిపి కడితే గుమ్మం దగ్గర వాసన తెలుస్తుంది.

మల్లెలు కూడా ఈ రోజుల్లోనే మొదలవుతాయి. తొలి పూత కాబట్టి మొగ్గ చిన్నదిగా ఉన్నా వాసన గట్టిగా ఉంటుంది. సాయంత్రం విచ్చుకోవాల్సిన మొగ్గను పొద్దున కోస్తారు: బాగా తెల్లబడి, ఉబ్బి, ఇంకా మూసుకునే ఉండాలి. పచ్చ ఛాయ ఉన్నది కోస్తే విచ్చదు. అరటినారను తడిపి దానితో కడితే దారం కన్నా మాల ఎక్కువసేపు చల్లగా ఉంటుంది. కట్టిన మాలను తడిగుడ్డలో చుట్టిపెట్టండి, నీళ్లలో ముంచితే రెక్కలు గోధుమరంగుకు తిరుగుతాయి.

బెల్లం, చింతపండు, మామిడికాయ ఎంచుకోవడం

బెల్లం సంక్రాంతి నాటికే బజారులోకి వచ్చి ఉంటుంది. అనకాపల్లి బెల్లమైనా మరెక్కడిదైనా చూడాల్సింది రంగే. మరీ లేత పసుపులో మెరుస్తుంటే రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేశారేమో అనుకోవాలి. బంగారు గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా ఉన్నది తీసుకోండి. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే తీపి తర్వాత ఉప్పదనం తేలకూడదు. ఉప్పగా ఉన్న బెల్లం వాడితే పచ్చడిలో ఉప్పు లెక్క తప్పుతుంది.

కొత్త చింతపండు లేత ఎరుపు గోధుమలో, మెత్తగా, తేమగా ఉంటుంది. నిలవ ఉన్నకొద్దీ నలుపెక్కుతుంది. పాతది చారుకు మహా రుచి, ఉగాది పచ్చడికి మాత్రం కాదు. రంగు నల్లబడటమే కాక పులుపు బరువుగా తయారై వేపపువ్వు వాసనను అణచేస్తుంది.

మామిడికాయ గట్టిగా, తొక్క నున్నగా, జీడి ఇంకా కత్తికి తెగేంత లేతగా ఉండాలి. నాటుకాయ పులుపు ఎక్కువ, పచ్చడికీ పులిహోరకీ రెంటికీ బాగుంటుంది. తోతాపురి, అదే కలెక్టరు కాయ, పులుపు తక్కువ. అది వాడితే చింతపండు కొంచెం పెంచుకోవాలి. తొడిమ తీశాక కాయను తొడిమ వైపు కిందికి పెట్టి సొన కారనిచ్చి, అరగంట నీళ్లలో ఉంచి కడగండి. సొన మిగిలితే పెదాలు మండుతాయి.

పచ్చడి

ఎనిమిది మందికి, చెంచాతో తినేంత చిక్కగా కావాలంటే:

చింతపండు 40 గ్రాములు, తురిమిన బెల్లం 150 గ్రాములు, చిన్న మామిడికాయ ఒకటి (ముక్కలు ఒక కప్పు), శుభ్రం చేసిన పచ్చి వేపపువ్వు రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా లేదా ఒక పచ్చిమిర్చి, నీళ్లు 300 మిల్లీలీటర్లు.

చింతపండును సగం నీళ్లలో, గోరువెచ్చగా, ఇరవై నిమిషాలు నానబెట్టి పిసికి వడకట్టండి. మిగిలిన చల్లటి నీళ్లలో బెల్లం కరిగించి విడిగా వడకట్టండి. బెల్లంలో ఇసుక, చెరుకు పిప్పి ఉండనే ఉంటాయి, చింతపండుతో కలిపేశాక అవి తీయలేం. బెల్లం నీళ్లను మరిగించకండి, పాకం వాసన వస్తే పచ్చడి పచ్చడిలా ఉండదు. రెండూ కలిపి ఉప్పు, మిరియాల పొడి లేదా పచ్చిమిర్చి వేసి రుచి చూడండి. ఈ దశలో తీపి ఒక పిసరు ఎక్కువ అనిపించాలి. మామిడి పులుపు, వేప చేదు ఇంకా పడాల్సి ఉంది కాబట్టి అప్పుడు అది సరిపోతుంది.

మామిడికాయను తొక్కతోనే, పెసరగింజంత సన్నగా తరగండి. ఆరు రుచుల్లో మామిడి ఉన్నది వగరు కోసం. ఆ వగరు తొక్కలోనూ లేత జీడి చుట్టూ ఉండే కండలోనూ ఉంటుంది. తొక్క చెక్కేస్తే చింతపండుకు తోడు ఇంకో పులుపు వేసినట్టే, ఐదు రుచులే మిగులుతాయి. మరీ పెద్ద ముక్కలైతే చెంచాలోకి మిగతా రుచులు రావు, తురుమైతే పచ్చడిలో కలిసిపోయి నోటికి తగలదు.

వేపపువ్వు ఆఖర్న. నైవేద్యానికి అరగంట ముందు, అంతకన్నా ముందు వద్దు. పువ్వు పులుసులో నానినకొద్దీ చేదు దిగుతుంది. పొద్దున ఐదింటికి కలిపేసి పదింటికి తింటే అంతా ఒకే చేదుగా ఉండేది అందుకే. ఆరు రుచులు కలిసిపోయి ఒక రుచి కావడం కాదు, ఒక్కో చెంచాలో ఒక్కొక్కటి ముందుకు రావడం ఈ పచ్చడికి అందం. చేదు ఎక్కువైందనిపిస్తే బెల్లం కుమ్మరించకండి. పైన తేలే పువ్వు కొంత చెంచాతో తీసేసి, చింతపండు రసం కొంచెం కలపండి.

ఎండు పువ్వు వాడితే కొలత బాగా తగ్గించాలి. నలిపిన పువ్వు ఒక చెంచా చాలు. అర చెంచా నేతిలో క్షణం వేయించి వేస్తే నిలవ వాసన పోతుంది.

కారానికి మిరియాల పొడి, పచ్చిమిర్చి రెండూ వాడతారు. మిరియం పులుసంతా సమానంగా పరుచుకుంటుంది, పిల్లలున్న ఇంటికి అదే నయం. పచ్చిమిర్చి ముక్క అయితే ఒకరి చెంచాలో మంట, ఇంకొకరి చెంచాలో ఏమీ లేకపోవడం.

తెలంగాణలో చాలా ఇళ్లలో ఇది తాగే పచ్చడి. పై కొలతకే నీళ్లు లీటరున్నర, చింతపండు 80 గ్రాములు, బెల్లం 350 గ్రాముల దాకా పెంచి కొత్త కుండలో కలుపుతారు. మామిడి, వేపపువ్వు కూడా రెట్టింపు వేసి, ఉప్పు, మిరియం రుచి చూసి పెంచుకోవాలి. కుండను ముందు రోజు రాత్రంతా నీళ్లు నింపి ఉంచి పారబోయాలి. లేకపోతే పచ్చడి పీల్చుకుంటుంది, మట్టి వాసనా ఎక్కువగా తగులుతుంది. కుండ లేకపోతే గాజు, స్టీలు, రాతిచిప్ప ఏదైనా సరే. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు మాత్రం పులుపుకు కిలుమెక్కుతాయి, వాటిలో కలపొద్దు.

అరటిపండు, కొబ్బరి, పుట్నాలపప్పు, జీడిపప్పు వేసుకోవడం ఇంటి ఆనవాయితీని బట్టి. ఒకటో రెండో అయితే బాగుంటుంది. అన్నీ వేస్తే వేపపువ్వు ఎక్కడుందో వెతుక్కోవాలి. అరటిపండు వేసేట్టయితే వడ్డించే ముందే, పులుసులో ఉంటే మెత్తబడిపోతుంది.

మామిడికాయ పులిహోర

రెండు గ్లాసుల పాత బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి వండండి. అన్నం వేడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్లెంలో పరిచి అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల నూనె, పది పచ్చి కరివేపాకు రెబ్బలు వేసి పొడిపొడిగా ఆరనివ్వాలి. పులిహోర ముద్ద కావడానికి కారణం నీళ్లు ఎక్కువ కావడం ఒకటే కాదు. పొగలు కక్కే అన్నంలో మామిడి తురుము కలిపినా ముద్దే అవుతుంది, పైగా పులుపు చప్పబడుతుంది.

పోపుకు మూడు పెద్ద చెంచాల నూనె. పల్లీలు ముందు సన్నసెగన విడిగా వేయించి తీసి పక్కన పెట్టుకోండి, వాటిని ఆఖర్న కలిపితేనే కరకరలాడతాయి. అదే నూనెలో శనగపప్పు, మినప్పప్పు ఒక్కో పెద్ద చెంచా, అవి ఎర్రబడ్డాక ఆవాలు, ఆరు ఎండుమిర్చి, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ. మామిడి తురుము కప్పున్నర సిద్ధంగా ఉంచుకుని సగం పోపులో వేసి రెండు నిమిషాలు మగ్గనిచ్చి, ఉప్పు ఇక్కడే వేయండి. స్టవ్ కట్టేశాక పోపును ఆరిన అన్నంలో వేసి, మిగిలిన సగం పచ్చిగా కలపండి. మగ్గింది అన్నానికి పట్టుకుంటుంది, పచ్చిది కొత్త మామిడి వాసన నిలుపుతుంది. కాయ పులుపు తెలియకుండా తురుమంతా ఒకేసారి వేయొద్దు. కొంత ఆపుకుని, కలిపి, రుచి చూసి వేసుకోండి. అరగంట ఊరాక పులుపు ఇంకాస్త పైకి వస్తుంది.

బొబ్బట్లు

బక్షాలనండి, ఓళిగలనండి, పోళెలనండి, పని ఒక్కటే: పిండి సాగాలి, పూర్ణం ఆగాలి. పదహారు బొబ్బట్లకు శనగపప్పు 250 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, యాలకులు ఆరు, మైదా 200 గ్రాములు (సగం గోధుమపిండి కలుపుకోవచ్చు), నూనె 60 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, కాల్చడానికి నెయ్యి.

ముందు పిండి కలపండి, దానికి సమయం కావాలి. ఉప్పు, పసుపు వేసి సుమారు 130 మిల్లీలీటర్ల నీళ్లతో చపాతీ పిండి కన్నా బాగా మెత్తగా, చేతికి అంటుకునేలా కలిపి, నూనె కొంచెం కొంచెంగా పోస్తూ పది నిమిషాలు మర్దించాలి. మిగిలిన నూనె పైన పోసి మూతపెట్టి కనీసం రెండు గంటలు వదిలేయండి. నానిన పిండిని రెండు వేళ్లతో లాగితే తెగకుండా పలచటి పొరలా సాగాలి. వెంటనే తెగిందంటే ఇంకా నానాలి. అప్పుడే మొదలుపెడితే ప్రతి బొబ్బట్టూ అంచు దగ్గర చిరుగుతుంది.

పప్పు గంటసేపు నానాక మూడు రెట్ల నీళ్లతో కుక్కరులో మధ్య సెగన మూడు కూతలు. గింజ ఆకారం చెడకుండా ఉండాలి, వేళ్ల మధ్య నొక్కితే మాత్రం పిండిలా నలగాలి. గట్టి గింజ ఒక్కటి మిగిలినా ఒత్తేటప్పుడు పొర చీల్చుకుని బయటికొస్తుంది. చిల్లుల గిన్నెలో పోసి పదిహేను నిమిషాలు పూర్తిగా వార్చండి, కిందికి దిగిన ఆ నీళ్లు, అదే కట్టు, పారబోయకండి. పప్పు వేడిగా ఉండగానే మెత్తగా రుబ్బాలి. చల్లారితే గట్టిపడి పలుకులు మిగులుతాయి.

రుబ్బిన పప్పు, బెల్లం తురుము మందపాటి గిన్నెలో వేసి సన్నసెగన కలుపుతూ ఉండండి. బెల్లం కరగ్గానే అంతా జారుగా అవుతుంది, కంగారుపడొద్దు. పది పన్నెండు నిమిషాల్లో దగ్గరపడి గరిటె నిలువుగా గుచ్చితే పడిపోకుండా నిలుస్తుంది. అక్కడ ఆపండి. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది. ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే పాకం ముదిరి పూర్ణం పొడిపొడిగా రాలుతుంది. అలా రాలితే కట్టు రెండు చెంచాలు చిలకరించి మెదపండి. పలచగా మిగిలిపోతే మళ్లీ పొయ్యి మీద పెట్టండి. టైము లేకపోతే పుట్నాలపప్పు పొడి రెండు పెద్ద చెంచాలు కలపండి, తడి పీల్చుకుంటుంది. యాలకుల పొడి దించాక వేయండి.

పూర్ణం ఉండ పెద్ద నిమ్మకాయంత, పిండి దానిలో సగం. నూనె రాసిన అరటాకు మీద పిండిని అద్ది, మధ్యలో పూర్ణం పెట్టి అంచులు పైకి చేర్చి మూయండి. మూసిన వైపు కిందికి తిప్పి, మధ్య నుంచి అంచులకు వేళ్లతో ఒత్తుకుంటూ పోవాలి. అంచు దాకా పూర్ణం చేరాలి. చేరకపోతే చుట్టూ వట్టి మైదా అట్టలా మిగిలి చల్లారాక నమలలేం. పెనం బాగా వేడెక్కాక మధ్య సెగకు దించి నెయ్యి వేసి ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. సెగ తక్కువైతే ఎక్కువసేపు ఉండాల్సి వచ్చి ఎండి గట్టిపడుతుంది. వేడివి ఒకదాని మీద ఒకటి వేస్తే ఆవిరికి అంటుకుపోతాయి, విడివిడిగా ఆరాకే పేర్చండి.

దాచిన కట్టుతో చారు పెట్టుకోవచ్చు. మూడు గ్లాసుల కట్టుకు నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, పసుపు, చారుపొడి ఒకటిన్నర చెంచా, ఒక పెద్ద చెంచా పూర్ణం కలిపి మరిగించి, నేతిలో జీలకర్ర, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టండి. శనగపప్పు కట్టు అడుగున పేరుకుంటుంది, వడ్డించే ముందు ప్రతిసారీ కలపాలి.

పండగ పొద్దున ఏది ముందు

పూర్ణం ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చు, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజులు ఉంటుంది. చుట్టే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వండి. చల్లటి పూర్ణం గట్టిగా ఉండి పొరను చీలుస్తుంది. పొద్దున లేవగానే బొబ్బట్ల పిండి కలిపి, చింతపండు నానబెట్టి, అన్నం పొయ్యి మీద పెట్టండి. అన్నం ఆరేలోగా పచ్చడికి అన్నీ కలిపి, పువ్వు మాత్రం పక్కన ఉంచుకోవాలి. తర్వాత పులిహోర, ఆపైన నైవేద్యానికి సరిపడా నాలుగు బొబ్బట్లు కాల్చి, పచ్చడిలో పువ్వు వేస్తే అన్నీ ఒక వేళకు అందుతాయి. మిగతా బొబ్బట్లు భోజనాల వేళకు వేడివేడిగా కాల్చుకోవచ్చు.

పచ్చడి ఆ రోజే అయిపోవాలి. మామిడి ముక్కలు మెత్తబడి, చేదు దిగి, మర్నాటికి అది వేరే పదార్థం అవుతుంది. బొబ్బట్లు బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం. తినేముందు పెనం మీద నెయ్యి చుక్క వేసి వేడిచేస్తే మెత్తబడతాయి. మిగిలిన పచ్చి వేపపువ్వుంటే ఆ సాయంత్రమే ఆరబెట్టడం మొదలుపెట్టండి, మూటలో ఒక్క రాత్రి ఉన్నా నల్లబడి ముక్కిపోతుంది. ఆ ఎండు పువ్వును నేతిలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, మామూలు చారు దించాక పైన వేసి మూతపెడితే వేపపువ్వు చారు. నలుగురికి ఒక పెద్ద చెంచా పువ్వు సరిపోతుంది. పువ్వు వేశాక మరిగించకూడదు.